కుడి నుంచి రాసిన తెలుగు

నా చిన్నప్పుడు, సిద్దిపేటలో మేం చదివే బడిలో ఉన్నట్టుండి చదువు భాష మారిపోయింది. నిజాం రాజ్యం పోయి మేం హిందుస్తాన్‌లో కలిసిన కొత్త రోజులవి. అప్పటిదాకా లెక్కలతో సహా అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. మా ఇంట్లో ఆ భాష చదవడం ఎవరికీ రాదు. అయినా నేను పెద్దగా దెబ్బలు తినకుండా గట్టెక్కానంటే అది నా పక్కన కూర్చునే దర్జీ కొడుకు చలవే. నా పలక మీద తప్పు కనిపిస్తే, మౌల్వీ సాబు చూసేలోపు వేలితో తుడిచి దిద్దేవాడు.

తెలుగు చదువు రాగానే, ఇంట్లో తెలుగు అక్షరాలు దిద్దుకున్న నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. ఇక ఇది మా బడి అనుకున్నాను. వాడు తెలుగు బాగానే మాట్లాడేవాడు గానీ రాయడం ఎన్నడూ నేర్వలేదు. పరీక్ష పెట్టి, తెలుగు రాయలేనివాళ్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతానని హెడ్మాస్టరు చెప్పారు. "చిన్న పోరగాండ్లల్ల కూసునుడైతే బడే వద్దు, వచ్చి మిషన్ తొక్కు" అన్నాడట వాళ్ల నాయన.

వాడు ఒక వాచకం అడిగి తెచ్చుకుని ఒక్కడే అక్షరాలు దిద్దుకున్నాడు. పరీక్షకు ముందురోజు పలక తెచ్చి నాకు చూపించాడు. అక్షరాలు నా రాతకన్నా గుండ్రంగా ఉన్నాయి. కానీ ఉర్దూ అలవాటు కొద్దీ కుడి కొసన మొదలుపెట్టి ఎడమకు రాసుకొచ్చాడు.

"గిట్లనేనారా?"

"గట్లనే. మస్తుగుంది" అన్నాను.

తమాషాకు అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. వాడు ఒక్కసారైనా నాకన్నా కింద ఉండాలని కోరుకున్నాను.

మర్నాడు హెడ్మాస్టరు ఒక వాక్యం చెప్పి రాయమన్నారు. వాడి పలక తీసి నాకిచ్చి పైకి చదవమన్నారు. "దిచ్చింవ స్సుబ కిరిఊ" అని చదివాను. తరగతంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను. హెడ్మాస్టరు ఒకటో తరగతి గది వైపు వేలు చూపించారు.

అప్పుడు మా తెలుగు సారు లేచారు. ఆయన కూడా ఉర్దూ బడిలో చదివినవారే. పలక మీద కుడి నుంచి వేలు జరుపుతూ నెమ్మదిగా చదివారు: ఊరికి బస్సు వచ్చింది.

"సూడున్రి సార్, బస్సు సక్కగనే వచ్చింది. ఎదురు దిక్కుకెళ్లి వచ్చింది, గంతే!"

హెడ్మాస్టరు కూడా నవ్వాపుకోలేకపోయారు. సారు వాడి వైపు తిరిగి, "ఎవరికన్న సూపెట్టినవారా?" అని అడిగారు.

వాడు నా వైపు చూడలేదు. "లేదు సార్" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "నాకు సూపెట్టిండు సార్. నేనే మంచిగుందన్న."

బెత్తం లేవలేదు. సారు వాడికోసం ఎనిమిది రోజుల గడువు అడిగి తీసుకున్నారు. నాతో మాత్రం, "వాడు పాసు గాకుంటే ఒకటో తరగతిల వాని పక్కకు నువ్వు గూడ కూసుంటవు" అన్నారు.

ఆ సాయంత్రమే దర్జీ దుకాణానికి వెళ్లాను. "ఇయ్యాలన్న సక్కగ చెప్తవా, మల్ల ఉల్టానేనా?" అన్నాడు వాడు. వాళ్ల నాయన బట్టల మీద గీతలు గీసే సుద్దతో పలక ఎడమ అంచున చుక్కలు పెట్టాను. చుక్క దగ్గర మొదలుపెట్టు అన్నాను. ఐదో రోజుకు వాడికి చుక్క అక్కర్లేకపోయింది.

తొమ్మిదోనాడు హెడ్మాస్టరు మూడు వాక్యాలు చెప్పారు. వాడు ఎడమ నుంచి ఆగకుండా రాశాడు. హెడ్మాస్టరు పలక ఎత్తి అందరికీ చూపించగానే తరగతి దద్దరిల్లేలా చప్పట్లు! అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే. ఆ తర్వాత బడిలో జెండా ఎగరేసిన రోజున, సారు చదవమంటే, వాడు తెలుగులో నాలుగు మాటలు చదివాడు, నేను ఉర్దూలో చదివాను. వెనక నిలబడ్డ వాళ్ల నాయన రెండింటికీ "శభాష్" అని అరిచాడు.

పెద్దయ్యాక నేనూ పంతులునే అయ్యాను. నా తరగతుల్లో లంబాడీ పిల్లలు, మరాఠీ పిల్లలు, ఉర్దూ పిల్లలు కలిసి కూర్చున్నారు. వాళ్లలో ఎవరైనా తప్పు రాసి తక్కినవాళ్లు నవ్వితే, నేను లేచి ఆ బిడ్డ పక్కకు వెళ్లి కూర్చునేవాణ్ణి, "నువ్వు ఎక్కడ మొదలుపెట్టినవో నాకు సూపెట్టు బిడ్డా" అని.