నీలం చొక్కా అభిరాం కోసం గోదావరిని గాలించిన రోజు

మీ ఊరి బస్టాండు గోడమీద ‘కనబడుటలేదు’ అని అంటించిన కాగితం ఒకటి ఉంటుంది. అందులో ఉన్న మనిషి ఏ రంగు చొక్కాతో ఇల్లు విడిచాడో చెప్పగలరా? చెప్పలేరు. మీరు చూసే సిరీస్‌లో ఆఖరి భాగంలో లోయలో పడినవాడి చొక్కా సంగతి అడిగితే మాత్రం రంగే కాదు, పైనుంచి రెండో గుండీ ఊడి ఉందనీ, ఆ గుండీ వదినగారి గదిలో దొరికిందనీ, అందుచేత తోసింది వదినగారేననీ తడుముకోకుండా చెబుతారు. కోపం తెచ్చుకోకండి. ఈ చీవాట్లు మీకన్నా ముందు నేను తిన్నవే. అదీ ఎవరిచేతనో కాదు, చేపలు పట్టుకునే ఒక ముసలాయన చేత. ఆయన తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు.

ఆ రోజుల్లో (అంటే తాతల కాలం కాదు, ఫోనులో డేటా నీళ్ళకన్నా చవకై, ప్రతివాడూ అరచేతిలో సినిమాహాలు పెట్టుకు తిరగడం మొదలైన తొలి రోజుల్లో) నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటుని. వయసు ఇరవైనాలుగు. తలనిండా జుట్టు, ఆ జుట్టు కింద హేతువాదం. కాలేజీలో ఉండగానే స్టేజీ ఎక్కి, గాల్లోంచి విబూది తీసే స్వాముల గుట్టు విప్పిన ఘనుణ్ణి. పెళ్ళిళ్ళకు వెళ్ళి పురోహితుణ్ణి మంత్రాలకు అర్థం అడిగి, భోజనం పెట్టకుండానే వాళ్ళు పంపించేసిన అనుభవం కూడా ఉంది. లోకంలో మూఢులంతా ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు అని నా లెక్క. రాజమండ్రి నుంచి రోజూ షేర్ ఆటోలో ఆఫీసుకు వెళ్తూ, ఆ మూఢుల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడమే నా తపస్సు.

ఆ ఆటోలో పీఠాధిపతి మా డ్రాఫ్ట్స్‌మన్‌గారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఏ సిరీస్‌కి రెండో సీజన్ వస్తుందో, దేన్ని మొదటిదానితోనే చంపేస్తారో జాతకం చెప్పినట్టు చెప్పేవాడు గనక ఆఫీసంతా ఆయన్ని సీజన్ బాబాయ్ అనేవాళ్ళం. ఆయన ప్రధాన శిష్యురాలు టైపిస్టు అక్క. ఆ ఏడాది వాళ్ళ ప్రాణాలు తోడేసింది ఒక సిరీస్. (పేరు చెప్పను. ఉచిత ప్రచారం నా పని కాదు.) మన రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన మీదే తీశారు. ఎనిమిదో భాగం చివర కథానాయకుడు అభిరాం, నీలం చొక్కాతో, వంతెన మధ్యనుంచి గోదావరిలో పడిపోతాడు. తెర నల్లబడుతుంది. అంతే. బతికాడా, చచ్చాడా? రెండో సీజన్ ఉందా, లేదా? కంపెనీవాళ్ళు నోరు విప్పలేదు. వాళ్ళు విప్పకపోవడమే వ్యాపారమని, మీరు గింజుకోవడమే వాళ్ళకు పంట అని నేను మొత్తుకున్నాను. ఎవరు వింటారు?

“కింద ఇసక పడవ వెళ్తోందిరా అబ్బాయ్, దాంట్లో పడ్డాడు,” అనేవాడు బాబాయ్.

“ఇసక పడవలో పడితే నీళ్ళ చప్పుడు ఎందుకొచ్చిందండీ?” అనేది అక్క. “నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తొమ్మిదిసార్లు విన్నాను.”

“అది చేప ఎగిరిన చప్పుడమ్మా!”

ఇలా ప్రతి ఉదయం. ఒకరోజు ఇద్దరూ కలిసి ప్రకటించారు: అభిరాం బతికి, రెండో సీజన్ వస్తే ద్రాక్షారామం భీమేశ్వరుడికి నూటొక్క కొబ్బరికాయలు కొడతామని మొక్కుకున్నారట. నాకు ఒళ్ళు మండింది. “భీమేశ్వరుడు ఏమన్నా ఆ కంపెనీలో మేనేజరాండీ, సీజన్లు మంజూరు చెయ్యడానికి? పోనీ ఆయనకి చందా ఉందా?” అన్నాను. నూతుల్లో పడ్డవాళ్ళకూ, వరదల్లో కొట్టుకుపోయినవాళ్ళకూ కాయ కొట్టని జనం, పుట్టని మనిషి ప్రాణం కోసం నూటొక్కటి కొడతారా అని ధవళేశ్వరం వచ్చేదాకా ఉపన్యసించాను. బాబాయ్ అంతా విని, తాపీగా అన్నాడు: “ఇరిగేషన్లో పనిచేస్తున్నావు కదరా, మేధావీ. నీ చేతిలో గేజీ రిజిస్టరుంది, గోదారి ఎంత వేగంగా వెళ్తోందో రాసుంటుంది. ఆడు బతికాడో లేదో దేవుడితో పనిలేకుండా లెక్కగట్టి తేల్చు. తేలిస్తే మొక్కు మానేస్తాం. తేల్చలేకపోయావో, కొబ్బరికాయల గంప నీ నెత్తిన.”

హేతువాద సంఘం కార్యదర్శిని, నేను గంప మోయడమా? ఆ అవమానం తలుచుకుంటేనే నా తర్కం రెచ్చిపోయింది. సరేనన్నాను. చూశారా, బుద్ధిమంతుడైతే ‘లేని మనిషి గురించి లెక్కేమిటి’ అని అక్కడే దిగిపోయేవాడు. నేను దిగలేదు. ఆ వారమంతా అభిరాం బరువెంత, వంతెన ఎత్తెంత, ఆ సీను తీసిన నెలలో ప్రవాహం ఎంత అని కాగితాలు నింపాను. ఎర్రనీటి రంగును బట్టి షూటింగు ఆషాఢంలో జరిగిందని కూడా నిరూపించాను. ఒక్కటే తేలలేదు: వంతెన మధ్యలో పడినవాణ్ణి ఏరు ఏ ఒడ్డుకు చేరుస్తుంది? ఇది పుస్తకాల్లో ఉండదు. దీనికి సరంగు తాతే దిక్కు.

సరంగు తాత అంటే ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన చేపలు పట్టే కుటుంబాల్లో పెద్దాయన. మా ఆఫీసువాళ్ళు లోతులు కొలవడానికి వెళ్ళేటప్పుడు ఆయన పడవే కట్టించుకునేవాళ్ళు. భోజనాల వేళ ఫోను చేశాను.

“తాతా, రోడ్డు కం రైలు వంతెన మధ్యలో పడ్డ మనిషి బ్యారేజీ దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది?”

“ఎప్పుడు పడ్డాడండీ?”

“పొద్దున్న ఆరున్నరకి.” (నేను నిక్కచ్చి మనిషిని. తెరమీద గడియారం చూపించారు.)

“ఈతొచ్చాండీ?”

“కొద్దిగా వచ్చు.” (మూడో భాగంలో ఆధారం ఉంది.)

“చొక్కా ఏంటండీ?”

“నీలం. ఎడం చేతికి తోలు పట్టీ వాచీ. ఇరవై ఎనిమిదేళ్ళు.”

“పెళ్ళయిందాండీ?”

“నిశ్చితార్థం అయింది.”

“అయ్యయ్యో. తల్లుందాండీ?”

“ఉంది. ఆవిడకింకా ఎవరూ చెప్పలేదు.”

“ఆయ్, చెప్పకండి. నేను చూసుకుంటానండి. మీరు గాబరా పడకండి బాబుగారూ,” అని ఫోను పెట్టేశాడు. నేనెందుకు గాబరా పడతాను? ముసలాయన కాస్త మెత్తని మనిషి అనుకుని, పెరుగన్నం డబ్బా మూత తీశాను. శాస్త్రీయ పరిశోధన చేసినవాడికి ఆకలి కూడా శాస్త్రీయంగా వేస్తుంది.

సగం తిన్నానో లేదో, అక్క కిటికీ దగ్గర్నుంచి కేకేసింది. చూస్తే ఏటిమీద ఆరు పడవలు. ఎర్రనీరు దిగిన వారం అది, పులస చేప పడే రోజులు. ఆ నాలుగు వారాల కోసం ఆ కుటుంబాలు ఏడాదంతా ఎదురు చూస్తాయి. అలాంటి పూట పులస వలలు ఎత్తేసి, పడవలన్నీ వరస కట్టి, గెడలతో నీళ్ళు పొడుచుకుంటూ, పాత వలలతో అడుగు గాలిస్తూ కిందకి వస్తున్నాయి. ఒడ్డంతా జనం. బాబాయ్ కిందకి వెళ్ళి వార్త పట్టుకొచ్చాడు.

“ఎవడో కుర్రాడు వంతెన మీంచి పడిపోయాడంట. నీలం చొక్కా అంట. నిశ్చితార్థం కూడా అయిపోయిందంట పాపం, తల్లికింకా చెప్పలేదంట.” కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగి, వేలు చూపిస్తూ, “చూశావురా? పుట్టని మనిషన్నావు! అచ్చం మన అభిరాం కథే!” అన్నాడు.

మూఢత్వానికి ఇంతకన్నా పెద్ద విగ్రహం నేను చూడలేదు. కానీ ఆ విగ్రహాన్ని ప్రతిష్ఠించింది నేనే. నిజం చెబితే ఆఫీసంతటి ముందూ నా పరువు గోదాట్లో కలుస్తుంది, గంప నెత్తికెక్కుతుంది. చెప్పకపోతే? సాయంత్రానికి ఏమీ దొరక్క పడవలు వాటంతటవే తిరిగొస్తాయి, ఎవరికీ ఏమీ తెలియదు. సత్యం కోసం ప్రాణాలివ్వాలని స్టేజీల మీద బల్లగుద్దినవాణ్ణి, ఈ రెంటినీ త్రాసులో వేసి తూచాను. ఎంతసేపు తూచానంటే, మిగిలిన పెరుగన్నం మీద ఈగలు మహాసభ జరుపుకునేంతసేపు.

చివరికి ఏటిగట్టు దాకా వెళ్ళాను, చెబుదామని కాదు, ఊరికే చూద్దామని. అక్కడ సరంగు తాత భార్య నిలబడి ఉంది. భుజాన ఉతికిన తువ్వాలు, పక్కన మూడు రాళ్ళ మీద వేణ్ణీళ్ళ డేగిసా. “ఈతొచ్చన్నారు కదండీ, ఏ తుప్పో పట్టుకుని ఉంటాడు,” అంది. “వణికిపోతా వస్తాడు, తుడవాలి కదా.” నా మొహం చూసి గొంతు తగ్గించింది. “మీవాడేనాండీ?”

ఆ తువ్వాలు చూసి, నా త్రాసు అక్కడే పారేశాను. పడవలు పిలిపించాను. తాత గట్టెక్కాడు, నడుం దాకా బురద. వెనక బాబాయ్, అక్క, ఆఫీసులో సగం మంది. అందరూ వింటుండగా చెప్పాను.

“అంటే మనిషి లేడా?” అన్నాడు తాత.

“లేడు తాతా. ఫోనులో వచ్చే కథ.”

“అసలు పుట్టనే లేదా?”

“లేదు.”

“మరి ఆ తల్లి?”

“ఆవిడా లేదు. నటి.”

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన గట్టుమీద చతికిలబడి, గుండెలనిండా గాలి పీల్చుకుని, “హమ్మయ్య. అయితే ఎవరూ ఏడవక్కర్లేదన్నమాట,” అన్నాడు. ముసలమ్మ ఆ పొడి తువ్వాలు ఆయన నెత్తిన పడేసి, “నువ్వన్నా తుడుచుకో మరి,” అంది. ఆ తర్వాత పులసలు పోయినందుకు నాకు శిక్ష వేశారు: అడుగున గాలించిన వలల్లో ఇరుక్కున్న చెత్త, ముళ్ళు, గుర్రపుడెక్క ఏరడం. సాయంత్రం దాకా ఏరాను. సాయానికి కూర్చున్న బాబాయ్, అక్క నా రెండు పక్కలా చేరి, అభిరాం తుప్పలు పట్టుకుని ఉండొచ్చుగా అని కొత్త వాదన మొదలెట్టారు. లేచి వస్తుంటే తాత వెనకనుంచి పిలిచాడు. “బాబుగారూ, ఇంతకీ ఆడు బతికాడో లేదో తెలిస్తే నాకూ చెప్పండి. ఇంత తిరిగాం కదా.”

మరుసటి ఏడాది రెండో సీజన్ వచ్చింది. అభిరాం క్షేమం. వంతెన మీంచి పడింది అతని కవల సోదరుడట! ఎనిమిది భాగాల్లో ఒక్కసారి కూడా చెప్పని సోదరుడు. నా గేజీ లెక్కలు, ఎర్రనీటి నిరూపణ, అన్నీ ఏ ఒడ్డుకూ చేరలేదు. ఈ దిక్కుమాలిన మలుపుకి మా ఆఫీసు చప్పట్లు కొట్టింది. నూటొక్క కాయలకు నాలుగు గంపలయ్యాయి. పందెంలో ఒక్క గంపే అన్నారని నేను వాదిస్తే, “అదీ లెక్కగట్టరా,” అన్నాడు బాబాయ్. నాలుగుసార్లూ మోశాను. గుడి మెట్ల దగ్గర ఎవరో పుణ్యాత్ముడు నా భక్తికి మెచ్చి అరటిపండు కూడా ఇచ్చాడు.

చెప్పమని అడిగాడు గనక తాతకు వెళ్ళి చెప్పాను. కవలల సంగతి విని ఆయన వల చిక్కు తీస్తూనే తల అడ్డంగా ఊపాడు. “గోదాట్లో పడినోడికి కవలలుండరండి,” అన్నాడు. “మొన్న వరదకి ఒకణ్ణి తీశాం. నీలం చొక్కాయే. పేపర్లో వేశారు, రాజమండ్రి బస్టాండులో అంటించారు. అడగడానికి ఒక్కరూ రాలేదు.”

ఆ బస్టాండు దగ్గరే ఆ నెలంతా నేను రోజూ ఆటో ఎక్కాను. ఆ కాగితం నాకు కనబడలేదు.

ఉన్న దేవుణ్ణో లేని దేవుణ్ణో నమ్మడం ఒక్కటే మూఢత్వమని అప్పట్లో నా సిద్ధాంతం. కళ్ళెదుట మనిషిని చూడకుండా, కల్పించిన మనిషికి రుజువులు వెదకడం అంతకన్నా ముదిరిన మూఢత్వమని, అది బొట్టు పెట్టుకోకుండా లెక్కల పుస్తకం పట్టుకుని వస్తుందని నేర్పింది ఆ వలల చెత్తే. నేర్చుకున్నానా అంటే, ఏమో. మొన్న అదే బస్టాండులో నిలబడి, జుట్టు పల్చబడిన ఒక పెద్దమనిషి, నాలుగో సీజన్ ఖాయమా కాదా అని ఫోనులో తెగ వెదుకుతున్నాడు. వీపు ఆ గోడకే ఆనించి ఉన్నాడు. ఆ పెద్దమనిషి నేనే. నాకు నవ్వొచ్చింది. చొక్కాకంటుకున్న సున్నం దులుపుకుని, వెనక్కి తిరిగాను.

మీరూ తిరగండి. రేపు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోను జేబులో పెట్టి, ఆ గోడమీది కాగితాల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మొదటి అక్షరం నుంచి చివరి ఫోను నంబరు దాకా చదవండి. పేరు, వయసు, చొక్కా రంగు గుర్తుపెట్టుకోండి. బస్సెక్కాక, ఆ చొక్కా కోసం కిటికీలోంచి చూడండి.