పైపుకు గ్లాండ్ ప్యాకింగ్

పొగాకు మనిషిని కాల్చి చంపుతుందని పెద్దలు భయపెడుతుంటారు. నన్ను మాత్రం అది నీళ్ళలో ముంచింది. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో, మా క్వార్టర్ వరండా మీద, పట్టపగలు ముగ్గురు సాక్షుల ఎదుట జరిగిన ఆ మునక కథ చెప్పబోతున్నాను. నవ్వొస్తే నవ్వండి. కానీ న్యాయం నా పక్షాన ఉందని మరిచిపోకండి. ఇప్పటికీ ఉంది.

అప్పుడు నేను రైల్వే వర్క్‌షాపు నుంచి కొత్తగా రిటైరయ్యాను. అంటే ఇప్పటికంటే చిన్నవాణ్ణి, నా లెక్క ప్రకారం ఇప్పటికంటే తెలివైనవాణ్ణి కూడా. బడిలో నేర్చుకున్నది బొటాబొటీ. బెంగాలీని దుకాణాల బోర్డుల మీద, ఇంగ్లీషును ఇంజన్లకు బిగించిన ఇనప పలకల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బుంటుంది. ఇంకొకడు నేర్పబోతే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజుల్లో బీడీలు కాల్చేవాణ్ణి. రాత్రి నేను దగ్గితే నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు గుద్దుకున్నాయనుకుని పక్క క్వార్టర్ల వాళ్ళు లేచి కూర్చునేవారట. దుప్పట్ల సంగతి చెప్పనక్కర్లేదు. బీడీ నిప్పులు రాలి, జల్లెడకూ వాటికీ తేడా అంచు కుట్టులోనే. చివరికి మా ఆవిడ సూరమ్మ ఇంట్లో పొగాకు ఉండడానికి వీల్లేదని తీర్పు చెప్పేసింది.

నేను ఊరుకుంటానా? అదే ఇంట్లో వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, రోజంతా అడ్డపొగ పీల్చేది. మా శ్రీకాకుళం వైపు ముసలమ్మల అలవాటది. చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. నిప్పు నోట్లో దాచుకునే మనిషికి లేని నిషేధం నాకెందుకని నిలదీశాను.

"మాయమ్మ దగ్గుతాదేటి? దుప్పట్లు కాల్సిందేటి?" అంది సూరమ్మ.

దుప్పట్లు పాతవన్నాను, దగ్గు వాతావరణానిదన్నాను. అలా చాలాసేపు వాదించాను.

సరిగ్గా అప్పుడు బాదల్ దా రంగంలోకి వచ్చాడు. మా వీధి చివర ఉండే బెంగాలీ, రిటైర్డ్ రైలు గార్డు; దా అంటే వాళ్ళ భాషలో అన్న. ఏళ్ళ తరబడి దర్జాగా పైపు కాల్చి, డాక్టరు మందలిస్తే మానేసి, తన పాత పైపూ ఒక డబ్బా పొగాకూ నాకిచ్చాడు. డబ్బా మూత తీస్తే లోపల అచ్చం మామిడితాండ్ర ముక్కలు. ఆకును అచ్చులో ఒత్తి పలచటి బిళ్ళలుగా కోస్తారట, ఫ్లేక్ అంటారట. సరిగ్గా సిద్ధం చేసుకుంటే పొగ చల్లగా వస్తుంది, గొంతు గీరదు అన్నాడు. ఎలా సిద్ధం చేయాలో కూడా ఓపిగ్గా చెప్పాడు. రెండు బిళ్ళలు కాగితం మీద ఆరబెట్టాలి. చేతికి చెమ్మ అంటీ అంటనట్టు ఉండగా అరచేతుల్లో నలిపి పొడిపొడిగా విడదీయాలి. పైపులో అడుగున వదులుగా, పైన కొంచెం బిగువుగా వేయాలి. సాసర్‌లో వేడి టీ తాగినట్టు నెమ్మదిగా పీల్చాలి.

"ఆగే శుకావ్, అప్పారావ్. ముందు ఆరబెట్టు. గట్టిగా మాత్రం కూరొద్దు" అని రెండుసార్లు చెప్పాడు. వరండాలో బియ్యం ఏరుతున్న సూరమ్మ తలెత్తకుండా అంతా వింది.

నేను సగమే విన్నాను. రెండో సగంలో నా రక్తం ఉడుకుతోంది. జీవితమంతా పచ్చజెండా ఊపిన మనిషి నాకు కూరడం నేర్పుతాడా? వర్క్‌షాపులో నా పనేమిటి? గ్లాండ్ ప్యాకింగ్. ఆవిరి వాల్వు కడ్డీ పక్కనుంచి ఆవిరి కారకుండా, నూనెలో నానిన తాడును రింగులుగా కోసి, అతుకు మీద అతుకు పడకుండా, ఒకదాని మీద ఒకటి దట్టించి బిగించే పని. నేను బిగించిన గ్లాండులోంచి ఆవిరి కాదు కదా, అనుమానం కూడా బయటికి వచ్చేది కాదు.

ఆ ఊపులోనే సూరమ్మతో పందెం వేశాను.

"పైపంటే సల్లటి పొగ. దగ్గు రాదు, సెయ్యి కాలదు. కావాలంటే సూసుకో."

ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది. "అయితే ఆదివారం నా ముందర కాల్సండి. ఒక్కసారి దగ్గకూడదు. అయిపోయినాక పైపు నా సేతికిస్తే సల్లగా ఉండాల. నెగ్గితే రోజూ ఈ వరండాలోనే కాల్సుకోండి. ఓడితే పొగాకు మన గుమ్మం తొక్కకూడదు."

ఇది మీకు చిన్న విషయంలా కనిపించవచ్చు. రిటైరైన మనిషికి పొద్దున్నే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. సుత్తి పోయింది, స్పానర్ పోయింది. ఆ గుప్పెడు పొగ కూడా పోతే నేను ఆ వరండాలో కుర్చీ మీద ఇంకో కుర్చీని. అందుకే ఓడిపోకూడదని నా శాస్త్రమంతా ప్రయోగించాను.

చల్లదనం ఎక్కడినుంచి వస్తుంది? నీళ్ళనుంచి. ఇందులో తప్పేముందో ఇప్పటికీ ఎవరైనా చెప్పండి. చుట్టాకు మీద నీళ్ళు చిలకరించి మెత్తబరచడం మా ఇళ్ళలో చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. అలాంటిది బాదల్ దా ఆరబెట్టమంటాడేమిటి? బిళ్ళలను తడిగుడ్డలో చుట్టి, మంచినీళ్ళ కుండ మెడకు కట్టాను. ఆదివారం పొద్దున్న విప్పితే కప్పల్లా చల్లగా, మెత్తగా ఉన్నాయి. వాటిని రింగులుగా కోశాను. అతుకు మీద అతుకు పడకుండా ఒక్కొక్కటే పైపులో దింపాను. అడుగు రింగు నుంచి పై రింగు దాకా స్క్రూడ్రైవర్ పిడితో దట్టించాను. మిగిలిన ఖాళీలో ఇంకో బిళ్ళ వేశాను. నిండుకుండ తొణకదంటారు. నిండుపైపు సంగతి మన పెద్దలు ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. చెప్పి ఉంటే బాగుండేది.

వరండాలో నేను కుర్చీలో, ఎదురుగా పీట మీద సూరమ్మ, తలుపు చాటున అత్తగారు, మెట్ల మీద బాదల్ దా. మొదటి పుల్ల గీశాను. ఆరిపోయింది. రెండోదీ అంతే. నాలుగైదు పుల్లలయ్యాక, ఆడలేనమ్మ మద్దెల మీద పడ్డట్టు, నేను అగ్గిపెట్టె మీద పడ్డాను.

"ఇది సెమ్మెక్కిపోనాది."

"అది మాయమ్మది. ఇప్పుడే దాంతోనే సుట్ట ఎలిగించింది" అంది సూరమ్మ.

అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడకూడదని ఎప్పుడూ గోడతో మాట్లాడేది. గోడకు చెప్పినవన్నీ వచ్చి నాకే తగిలేవి. ఇప్పుడు కూడా గోడను చూసి, "పుల్లలైపోతే పొయ్యి ఎలాగ ఎలుగుతాదో, మరి" అంది.

నాకు పౌరుషం వచ్చింది. పుల్ల అంటించి ఒక్క పీల్పు పీల్చాను. నా బుగ్గలు రెండూ లోపల కలుసుకుని కుశలప్రశ్నలు వేసుకున్నాయి. గాలి రాలేదు. ఇంకా గట్టిగా పీల్చాను. అప్పుడు వచ్చింది. పొగ కాదు, కషాయం. నల్లగా, చేదుగా, మంటగా, కుండ చల్లదనమంతా మోసుకుని సరాసరి నాలుక మీదికి దిగింది. ఉమ్మితే ఓడిపోయినట్టే. మింగేశాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తాన్ని ఇంజన్లను తిప్పే టర్న్‌టేబుల్ మీద ఎక్కించి ఎవరో తిప్పడం మొదలుపెట్టారు. బాదల్ దా ఒకడు ఇద్దరయ్యాడు. నా కడుపులోంచి ఒక ఎక్కిలి బయల్దేరింది, దాని వెనకాల మరొకటి, గూడ్సు బండిలా.

"అప్పారావ్, భితోరే కీ దియేఛో? లోపల ఏం పెట్టావ్?" అని ఇద్దరు బాదల్ దాలూ అడిగారు.

తడిగుడ్డ, రింగులు, అతుకులు, ఎక్కిళ్ళ మధ్య అన్నీ గర్వంగా చెప్పాను. ఆయన తల పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

సూరమ్మ చెయ్యి చాపింది. పైపు ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. చెంపకు ఆనించుకుంది.

"సల్లగానే ఉంది" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "నాను దగ్గినానా?"

"లేదు."

"ఎక్కిలి దగ్గు కాదులేయే. పాపం, లెక్కెయ్యకు" అంది అత్తగారు గోడతో.

"అయితే పందెం ఎవరిది?"

"మీదే." సూరమ్మ పైపు నా చేతికి తిరిగిచ్చి, అంతే ప్రశాంతంగా పీట మీంచి లేచింది. "మాటంటే మాటే. రేపట్నించి రోజూ ఇక్కడే కూకుని కాల్సుకోండి. ఇలాగే. ఆకు నానబెట్టి, దట్టంగా కూరి, సల్లగా. ఆ దాదా సెప్పినట్టు ఆరబెట్టినారో, పందెం రద్దు."

బాదల్ దా వైపు చూశాను. ఆయన జీవితంలో మొదటిసారి జెండా ఏదీ ఊపకుండా వెళ్ళిపోయాడు.

పాఠకులారా, అంతటి విజయం మీలో ఎవరికీ దక్కకూడదని కోరుకుంటున్నాను. నా మట్టుకు నేను, మన వర్క్‌షాపు సైరన్ సాక్షిగా, అత్తగారి చుట్ట నిప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఓడమంటే ఎన్నిసార్లయినా ఓడతాను గానీ, ఈ జన్మలో మా ఆవిడతో వేసిన పందెం మళ్ళీ నెగ్గను.