చిన్నాయన జీపుకు వెనక లైట్లు

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పాసై, ఉద్యోగం ఇంకా రాని ఆ ఏడాదంతా, ఏ వస్తువును చూసినా దానికొక లైటు తక్కువైనట్టే నాకు అనిపించేది. పని లేని కుర్రాడి చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే ఇంట్లోవాళ్ళు పడే బాధ ఇంతా అంతా కాదు. కోయిలకుంట్లలో మా ఇంటి పెరట్లోని స్నానాలగదికి లోపలొక స్విచ్చు, బయటొక స్విచ్చు బిగించి, ఒంటికి సబ్బు రాసుకున్న మనిషిని బయటి నుంచే చీకట్లో ముంచే సదుపాయం కల్పించిన ఘనత నాదే. (దాన్ని మొదట అనుభవించింది మా నాయన.) ఆ మర్నాడే, నన్ను కొన్నాళ్ళు రాజంపేటలో ఉన్న చిన్నాయన దగ్గరికి పంపితే బాగుంటుందని ఇంట్లో అందరికీ ఒకేసారి తోచింది.

చిన్నాయనకు ఒక పాత జీపు ఉండేది. సర్కారు వేలంలో వదిలించుకున్న బండి. నాలుగు చక్రాలూ లాగే రకం కాబట్టి, మంగంపేట వైపు ముగ్గురాయి క్వారీల్లో సర్వే వాళ్ళను, సూపర్‌వైజర్లను తిప్పడానికి బాడుగకు పెట్టుకునేవాళ్ళు. ఇల్లు గడిచేది దాని మీదే. నేను వెళ్ళిన కొద్ది రోజులకు ఒక క్వారీలోకి కొత్తగా సేఫ్టీ సార్ వచ్చారు. గుంటూరు వైపు మనిషి. లోతైన గుంత అంచున బండిని తిప్పుకునే చోటు ఉండదు, రివర్సులోనే రావాలి. మా జీపు వెనకున్న రివర్స్ లైటేమో వెలిగిందో లేదో చూడాలంటే అగ్గిపుల్ల గీసుకోవాల్సినట్టు ఉండేది. సార్ కన్ను దాని మీదే పడింది.

"నా బండి ఎనక్కి పోయేదే తక్కువ సార్," అని చిన్నాయన నచ్చజెప్పబోయాడట.

"ముందుకు వెళ్తూ గుంతలో పడిన బండిని నేనింతవరకూ చూడలేదండీ. పడినవన్నీ వెనక్కి వెళ్ళినవే," అన్నారట ఆయన. "సోమవారం సాయంత్రానికి వెనక మంచి లైట్లు వేయించి తీసుకురండి. లేకపోతే ఈ బండి గేటు దాటదు."

ఆ సంగతి చిన్నాయన అన్నం ముందు కూర్చుని చెప్పేసరికి చిన్నమ్మ ముఖం వాడిపోయింది. నాకేమో, చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, పండగ వచ్చినంత సంతోషమైంది. మరుసటి రోజే చిన్నాయన, నేను బజారులో బండి సామాన్ల శెట్టి అంగడికి పోయాం. శెట్టి పై అరలో నుంచి రెండు చదరపు లైట్లు దించి, దుమ్ము ఊదేశాడు. లారీలకు వేసే రకం.

"ఇయ్యి ఏసుకుంటే నీ ఎనకాల రాత్రనేదే ఉండదప్పా," అన్నాడు.

లైట్లు బంపరుకు బిగించడం సులభంగానే అయింది. బ్యాటరీ నుంచి తీగ లాగి, ఫ్యూజు, రిలే కూడా శాస్త్రోక్తంగా పెట్టాను. రివర్స్ గేరు వేయగానే లైట్లు వాటంతటవే వెలగాలి గదా, దానికి గేరుబాక్సు దగ్గరొక చిన్న స్విచ్చు ఉంటుంది. మా జీపులో అది తుప్పు పట్టి, తాకితే పొడి రాలింది. కొత్తది తెప్పించాలంటే వారం పడుతుంది. సోమవారం మాత్రం ఆగదు. అందుకని డ్యాష్‌బోర్డు మీదే చేత్తో లాగి వేసుకునే స్విచ్చు పెట్టాం. అక్కడ ఖాళీగా ఉన్న రంధ్రం ఒక్కటే, వైపర్ స్విచ్చు పక్కన. రెండూ నల్లటివి, రెండింటికీ ఒకేలాంటి తల. లైట్లు వెలుగుతున్నట్టు తెలియడానికి పక్కన ఒక చిన్న ఎర్ర దీపం కూడా పెడతానన్నాను.

"పెండ్లి పందిరి చేస్తాండావా ఏమిరా అబ్బీ? సాల్లే," అన్నాడు చిన్నాయన.

పొద్దు గుంకుతుండగా చిన్నమ్మను జీపు వెనక నిలబెట్టి స్విచ్చు లాగాను. "ఓయమ్మో! కండ్లు పోయినాయిరా నాయనా! ఆర్పు, ఆర్పు!" అని ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పరుగెత్తింది. చిన్నాయన, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. అంతకంటే మంచి యోగ్యతాపత్రం మాకింకేం కావాలి?

సోమవారం సాయంత్రం బయలుదేరాం. ఊరు దాటి కాస్త దూరం పోయామో లేదో, నెలల తరబడి మొఖం చూపని వాన ఆ పూటే కురిసింది. చిన్నాయన కళ్ళు రోడ్డు మీదే ఉంచి, చేత్తో తడిమి వైపర్ కోసం స్విచ్చు లాగాడు. వైపర్ కదలలేదు. మేమేమీ ఆశ్చర్యపోలేదు. (మా వైపు వైపర్ చెడిపోయిందని తెలియాలన్నా ఒక వాన పడాలి.) "ఇది ఎప్పుడు సచ్చిందో!" అని దాన్ని అట్లే వదిలేసి, ఆయన అటు నుంచి, నేను ఇటు నుంచి చేతులు బయటికి చాచి గుడ్డతో అద్దం తుడుస్తూ సాగాం. వెనకవైపు టార్పాలిన్ పట్టా దించేశాం కాబట్టి వెనక ఏం జరుగుతోందో మాకు తెలిసే వీలు లేదు.

ఏదో జరుగుతున్నట్టు మాత్రం తెలుస్తూనే ఉంది. వెనక ఒక బస్సు హారన్ ఆపకుండా మోగించి, ఉన్నట్టుండి నిలిచిపోయింది. ఇంకాసేపటికి తలకు ప్లాస్టిక్ కవరు చుట్టుకున్న ఒకాయన మోటారు సైకిలు మీద మమ్మల్ని దాటుతూ, "ఏమప్పా, బండి ముందుకు పోతాందా, ఎనక్కి పోతాందా?" అని అరిచాడు.

చిన్నాయనకు రోషం పొడుచుకొచ్చింది. "చూసినావా వాని పొగరు! పాత బండని ఎగతాళి చేస్తాండాడు," అని యాక్సిలేటరు తొక్కాడు. ఆ వానలో, ఆ వయసులో ఆ జీపు అంత వేగంగా పోగలదని నేననుకోలేదు.

క్వారీ గేటు దగ్గరికి చేరేసరికి మసక చీకటి పడింది. సార్ ఇంకా రాలేదని వాచ్‌మన్ కేకేసి చెప్పి తన గదిలోకి పోయాడు. మేము జీపులోనే కూర్చున్నాం. కొంతసేపటికి బురదలో టపటపమంటూ అడుగుల చప్పుడు వినిపించింది. ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో, సేఫ్టీ సార్ నడుచుకుంటూ చిన్నాయన పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఇవేనా మీరు వేయించిన లైట్లు?"

"ఇవే సార్! ఇంగా ఎయ్యలేదు. మీరు అట్ల ఎనకాలకు పోండి, ఏసి చూపిస్తా," అని చిన్నాయన ఉత్సాహంగా మీట తోశాడో లాగాడో గానీ, అప్పటిదాకా వెనక పట్టపగల్లా ఉన్న దారి ఒక్కసారిగా చీకటైపోయింది. ఆ చీకట్లోకి తల తిప్పి, "ఎట్లుండాయి సార్?" అని అడిగాడు చిన్నాయన.

సార్ కళ్ళకు అడ్డం పెట్టుకున్న చెయ్యి దించారు. నాకు మాత్రం ఆ క్షణంలోనే కదలని వైపరూ, బస్సూ, మోటారు సైకిలాయనా, అన్నీ అర్థమైపోయి, సీటు కిందికి దూరిపోవాలనిపించింది. తర్వాత సారే చెప్పారు. మా వెనకే తన కారులో వస్తుంటే, తన దారిలోనే రెండు పెద్ద లైట్లు ఎదురొస్తున్నట్టు కనిపించాయట. లారీ అనుకుని కారును పక్కకు దించేస్తే అది అరటితోట బురదలో కూరుకుపోయిందట.

"లారీ దాటిపోతుందని కూర్చున్నానండీ. అది రాదు. దాని లైట్లు చిన్నవైపోతున్నాయి. వెనక్కి నడుపుకుంటూ పారిపోతున్నాడు, వీడెవడో మహా డ్రైవరు అనుకున్నాను," అన్నారు.

బాడుగ పోయినట్టేనని మా ఇద్దరికీ అర్థమైంది. చిన్నాయన జీపు స్టార్టు చేసి, "ఎక్కండి సార్, మీ కారు తీసిస్తా," అన్నాడు. అరటితోట దగ్గర జీపును అడ్డంగా తిప్పి, ఈసారి స్విచ్చు చూసి మరీ లాగి, రివర్సులో ఆ జారుడు గట్టు దిగాడు. బురద, కారు, తాడు కట్టాల్సిన కొక్కెం, అన్నీ స్పష్టంగా కనిపించాయి. నేను తాడు కట్టాను. నాలుగు చక్రాలూ పట్టు దొరికించుకుని, జీపు మూలుగుతూ కారును రోడ్డు మీదికి లాక్కొచ్చింది.

సార్ చెప్పులకున్న బురద గడ్డికి రాస్తూ కాసేపు ఆ లైట్ల వైపే చూశారు. "వెలుతురుకు వంక పెట్టడానికేం లేదండీ," అన్నారు. ఆయన పెదవి కొసన నవ్వులాంటిదేదో కదిలింది. "గేరు స్విచ్చు తెప్పించి దానికి కలపండి. అందాకా ఆ మీట దగ్గర ఈ అబ్బాయిని కూర్చోబెట్టండి. రేపు బండి పంపించండి."

అలా నాకు జీవితంలో మొదటి ఉద్యోగం వచ్చింది. గేరు స్విచ్చు వచ్చేదాకా క్వారీలో చిన్నాయన పక్క సీట్లో కూర్చుని, రివర్సు వేసినప్పుడల్లా మీట లాగడం, ముందుకు కదలగానే తోసెయ్యడం. ఒక్కరోజు కూడా పొరపాటు పడలేదు.

ఇప్పుడు చిన్నాయన బండి నడపడం మానేశాడు గానీ, ఈ కథ చెప్పడం మానలేదు. ఇంట్లో ఏ శుభకార్యమైనా పిల్లలు చుట్టూ చేరితే మొదలుపెడతాడు. ఆయన చెప్పే దాంట్లో జీపు నడిపింది నేను, వానలో బస్సును నిలిపేసింది నేను, క్వారీ సార్‌ను బురదలో నుంచి ఒంటిచేత్తో లాగింది కూడా నేనే. మొన్న కర్నూలులో ఒక పెండ్లిలో మా పాప నా వైపు తిరిగి, "నిజంగా నువ్వేనా నాయనా?" అని అడిగింది. పొట్ట మీదికి జారిన కండువా సర్దుకుంటూ, అవునని తలూపాను. చిన్నాయన చెప్పే ఆ కుర్రాడంటే నాకూ ఇష్టమే మరి. కాదంటే వాడు యాడికి పోతాడు?