పార్టీకొచ్చిన కండక్టరక్క

హాస్టల్లో చేరిన రోజు వార్డెన్ మా గది గుమ్మంలో నిలబడి, "పిల్లల్ని దించడానికొచ్చిన పేరెంట్స్ చీకటి పడకముందే వెళ్ళిపోవాలమ్మా" అంది.

మంచం మీద దుప్పటి పరుస్తున్న ఆవిడ తల తిప్పకుండానే, "పిల్లని నేనేనండీ. ఎక్కడికెళ్ళమంటారు?" అంది.

వార్డెన్ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. నేను కూడా అంతసేపూ ఆవిడ నా రూమ్మేట్ తల్లి అనుకుని, "మీ అమ్మాయి ఇంకా రాలేదా ఆంటీ?" అని రెండుసార్లు అడిగి ఉన్నాను. "వస్తుందిలే" అని నవ్విందే తప్ప నిజం చెప్పలేదు మహాతల్లి.

మా కాలేజీలో సీటంటే మాటలు కాదు. పాలపళ్ళు ఊడకముందే కోచింగులో చేర్చితే తప్ప రాదని పేరు. ఈవిడ సిటీ బస్సు కండక్టరు. బళ్ళో ఎప్పుడూ ఫస్టే, కానీ పదహారేళ్ళకి తండ్రి పోవడంతో చదువు మాన్పించి పెళ్ళి చేసేశారు. ఇంటరు ఉద్యోగంలో చేరాక ప్రైవేటుగా కట్టింది. కూతురు ఎంట్రన్సు పరీక్షకు చదువుతూ లెక్కలు రాక ఏడుస్తుంటే, డ్యూటీ దిగి పక్కన కూర్చునేది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. కూతురు వేరే ఊళ్ళో వేరే కాలేజీలో చేరిపోయింది. తల్లి మాత్రం పుస్తకం మూయలేదు. మరుసటేడు తనూ పరీక్ష రాసింది. డిపోలో అందరూ నవ్వారట. ఆవిడ భర్త అదే డిపోలో డ్రైవరు. ఆయన మాత్రం, "సీటొస్తే వెళ్ళు. రాకపోయినా వెళ్ళి గేటు దగ్గర గొడవ పెట్టుకునే రకానివే నువ్వు" అన్నాడట.

వారం తిరక్కుండా హాస్టలంతటికీ కండక్టరక్క అయిపోయింది.

మా కాలేజీలో చదువు ఒక ఎత్తు, క్లబ్బులు ఒక ఎత్తు. సూది బెజ్జంలోంచి దూరి లోపలికొచ్చామని మేం సంబరపడేలోపే, లోపల ఇంకా సన్న బెజ్జాలు తయారుగా ఉన్నాయి. పాటల క్లబ్బుకు పరీక్ష, నాటకాల క్లబ్బుకు ఇంటర్వ్యూ. అన్నింటికంటే పైన 'మేడమీది వాళ్ళు'. స్టూడెంట్ల బిల్డింగు పై అంతస్తులో వాళ్ళకొక హాలు ఉండేది. శనివారం సాయంత్రాలు అక్కడ పార్టీ. చేతికి ఎర్రపట్టీ ఉన్నవాళ్ళకే ప్రవేశం. పట్టీ ఎవరికివ్వాలో వాళ్ళే తేలుస్తారు, ఎందుకో చెప్పరు. నన్ను పిలిచారు, పావుగంట మాట్లాడారు, పట్టీ ఇవ్వలేదు. గదికొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

"ఏం అడిగారే?" అంది అక్క.

"సెలవులకి ఎక్కడెక్కడికి వెళ్తావని..."

"నువ్వేం చెప్పావ్?"

"మా పిన్ని వాళ్ళింటికని."

అక్క పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది, తర్వాత నాకూ నవ్వొచ్చింది.

కొత్తవాళ్ళకి స్వాగతం పలికే పార్టీ మాత్రం అందరిదీను. ఆడిటోరియంలో పెట్టారు. అక్క ఆకుపచ్చ బట్టలు వేసుకుని, జుట్టు విరబోసుకుని, నాకంటే ముందు తయారైంది. తలుపు దగ్గర నిలబడ్డ సీనియరు కుర్రాడు మర్యాదగా అడ్డొచ్చాడు.

"ఎవరికోసం ఆంటీ?"

"ఆంటీ కోసమే బాబూ" అని లోపలికి నడిచేసింది.

ఆవిడ డాన్సు నేర్చుకున్న డాన్సు కాదు. కుదుపుల బస్సులో ఇన్నేళ్ళు ఏ కమ్మీ పట్టుకోకుండా నిలబడ్డ కాళ్ళు కదా, నేల ఎటు వాలినా తను పడదన్నట్టు ఊగుతుంది. కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి, చుట్టూ ఎవరున్నారో పట్టనట్టు ఆడింది. చెమటతో ముంగురులు నుదుటికి అతుక్కుపోయాయి. నేను పక్కనే బిడియంగా చప్పట్లు కొడుతూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నకి ఆ వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. కింద ఒక మాట రాశారు: 'ఆంటీకి బ్రేకులు ఫెయిల్.' తీసింది మేడమీది వాళ్ళ లీడరు, మూడో సంవత్సరం అమ్మాయి. మెస్సులో మేం కూర్చోగానే వెనక బల్ల దగ్గర నోళ్ళతో బస్సు హారను మోత మొదలైంది. అక్క ప్లేటు ఖాళీ చేసేదాకా కదల్లేదు. కానీ ఆ తర్వాత బాత్రూంలో కుళాయి చాలాసేపు ఆగకుండా పారింది. బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. బట్టలు మడతపెడుతూ అక్క స్పీకరులో పెట్టింది.

"అమ్మా, మా క్లాసులో కూడా అందరూ చూశారు. నాకు తల కొట్టేసినట్టుంది."

"డాన్సు బాగుందా, లేదా?"

"అమ్మా! నీ వయసేంటి? ఆ గెంతులేంటి?"

అక్క చేతిలో బట్ట పక్కన పెట్టింది. "నీ వయసులో నిన్ను మీ నాయనమ్మ ఒళ్ళో పడేసి డ్యూటీ ఎక్కానే. నాకు పంతొమ్మిదేళ్ళు రానేలేదు. పదహారు తర్వాత తిన్నగా ముప్పై వచ్చేశాయి. ఇప్పుడొచ్చాయి ఆ పంతొమ్మిది. వద్దని వెనక్కి పంపమంటావా?"

కూతురు ఫోన్ పెట్టేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా స్టూడెంట్ల వ్యవహారాలు చూసే ప్రొఫెసరు కబురు పెట్టాడు. అక్క నన్ను తోడు తీసుకెళ్ళింది. ఆయన మంచివాడే. కుర్చీ వేయించి, నీళ్ళు తెప్పించి, "ఇలాంటి పార్టీలకు మీరు దూరంగా ఉంటే బాగుంటుందమ్మా. మీ గౌరవం కోసమే చెప్తున్నాను" అన్నాడు.

"నా గౌరవాన్ని నేను చూసుకుంటానండీ. వీడియో తీసిన అమ్మాయిని పిలిచారా?"

"అది... పిల్లల సరదా."

"నాది కూడా సరదానే కదా. ఒకరి సరదాకి ఇంకొకరికి శిక్షా?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అక్క మంచినీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా పెట్టి లేచింది.

అసలు గమ్మత్తు తర్వాత జరిగింది. నవ్వినవాళ్ళే ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూడసాగారు. కొందరు ఆ ఊపు నేర్చుకోబోయి బోర్లాపడ్డారు. దాంతో ఆ లీడరు స్వయంగా మా గదికొచ్చింది, చేతిలో ఎర్రపట్టీతో.

"ఈ శనివారం మా స్పెషల్ గెస్ట్ మీరే అక్కా. అందరూ మిమ్మల్ని చూడాలంటున్నారు."

"చూడ్డానికా? నేనేమైనా సర్కస్ ఏనుగునా?"

"ఛ ఛ, అలా కాదు. మీరుంటే సరదాగా ఉంటుంది."

"మరి ఈ పిల్లకి?" అని నన్ను చూపించింది.

"తన సెలెక్షన్ అయిపోయింది కదా..." అని లీడరు నా వైపు చూడకుండా అంది.

అక్క పట్టీ తీసుకుంది. అమ్మాయి వెళ్ళిపోయాక అడిగాను, "వెళ్తావా అక్కా?"

"వెళ్దాం" అంది. "వెళ్తాను" అనలేదు. అది నాకు శనివారం దాకా అర్థం కాలేదు.

శనివారం సాయంత్రం వరండాలో ప్రతి తలుపూ కొట్టింది. పాటల క్లబ్బు వద్దన్నవాళ్ళు, నాటకాల క్లబ్బు వద్దన్నవాళ్ళు, ఎవరూ ఎక్కడికీ పిలవని నత్తి పిల్ల, పుస్తకాల పురుగులు, అందర్నీ వెంటేసుకుని మెట్లెక్కింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు. ఈవిడ పిల్లుల మందనే తోలుకెళ్ళింది.

తలుపు దగ్గరి కుర్రాడు కంగారుపడ్డాడు. "అక్కా, పట్టీ మీ ఒక్కరికే..."

"వీళ్ళంతా నాతోనే వచ్చారు."

"లోపల చోటు లేదక్కా."

అక్క అతని భుజం మీదుగా లోపలికి చూసింది. అంత పెద్ద హాల్లో పట్టుమని పాతికమంది లేరు. ఇక ఆగలేదు. డ్యూటీ గొంతు తీసింది. "లోపలంతా ఖాళీయే! జరగండి, జరగండి! గుమ్మంలో ఆగొద్దు, ముందుకి నడవండి!" ఆ గొంతుకు కుర్రాడు తనే పక్కకి జరిగిపోయాడు. మేం వరదలా లోపలికి పడ్డాం.

నిజం చెప్పాలంటే, నేను ఏడ్చి ఏడ్చి కోరుకున్న పార్టీ చప్పగా ఉంది. గోడవారగా నిలబడి, ఎవర్ని ఎవరు చూస్తున్నారో చూసుకుంటున్నారు. మేం వచ్చాకే పాట సౌండు పెరిగింది. నత్తి పిల్ల హాలు మధ్యకి వెళ్ళి గిరగిరా తిరిగింది. మేడమీది వాళ్ళలోనే కొందరు చెప్పులు విడిచి మాతో కలిశారు. లీడరు మాత్రం దీపాలన్నీ వేసి, పాట ఆపి, అక్క ముందుకొచ్చి నిలబడింది.

"పిలిచింది మిమ్మల్ని. పిలవని పేరంటానికి వీళ్ళెందుకొచ్చినట్టు?"

"మరి నన్ను చూసి నవ్వుకోడానికి పిలిచావు కదమ్మా, నవ్వేవాళ్ళు ఎక్కువుంటే మంచిదే కదా" అంది అక్క.

గొడవ ప్రొఫెసరు దాకా వెళ్ళింది. మేడమీది వాళ్ళకి క్షమాపణ చెప్పాలి, లేకపోతే ఆ టర్మంతా ఏ కార్యక్రమానికీ రాకూడదు అని తేల్చారు. అక్క రెండోదే ఎంచుకుంది. నేను బతిమాలాను, వార్డెన్ బతిమాలింది. వినలేదు.

ఇక శనివారాలు పాట మేడమీది హాల్లో మోగితే, అక్క మా హాస్టల్ డాబా మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య ఆడేది. కొన్ని వారాలు డాబా నిండేది. కొన్ని వారాలు మేమిద్దరమే. నాకు పరీక్షలున్న వారం తనొక్కతే ఆడింది. ఒక శనివారం కూతురు చెప్పాపెట్టకుండా బస్సు దిగి వచ్చింది. పిట్టగోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని చూసింది. ఆడలేదు, వెళ్ళిపోనూ లేదు. తల్లికి దాహమేస్తే తన సీసా అందించింది.

ఇలాంటి కథల్లో చివరికి అందరూ మారిపోతారు. మా కాలేజీ మారలేదు. ఎర్రపట్టీలు ఇప్పటికీ ఉన్నాయని విన్నాను. అక్క అత్తెసరు మార్కులతో డిగ్రీ పూర్తి చేసింది. పెద్ద కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూలో తమ కుర్రవాళ్ళ టీములో ఇమడలేదన్నారు. "ఇమడ్డానికి నేనేమన్నా జాడీలో పచ్చడినా" అనేసి వచ్చింది. ఇప్పుడు రవాణా ఆఫీసులో బస్సుల వేళలు నిర్ణయించే పని.

మొన్న కలిసినప్పుడు అడిగాను, "ఒక్క సారీతో పోయేది కదక్కా. ఎందుకంత పంతం?"

"దేనికి సారీ చెప్పాలో వాళ్ళే చెప్పలేకపోయారే" అంది, కాఫీ ఊదుకుంటూ. "ఇంక నేనెలా చెప్పను?"