వెనక సీటు మీద సంచి

ప్రయాణాలు మనిషిని మారుస్తాయని రాసేవాళ్ళలో ఒక్కరైనా మోటారు సైకిలుకి సామాను కట్టి ఉంటారని నాకు నమ్మకం లేదు. కట్టే మనిషికి అంత తీరిక ఉండదు. ఏది తీసుకెళ్ళాలి, ఏది ఇంట్లో వదిలెయ్యాలి, బరువు ఏ పక్క ఎంత పడాలి, పట్టీ కొస చక్రంలో పడకుండా ఎక్కడ దోపాలి అని చూసుకునేసరికే ప్రాణం విసుగెత్తిపోతుంది. ఆ విసుగులో మొగుడూ పెళ్ళాల మధ్య ఎన్ని మాటలు దొర్లుతాయో జిప్పులక్కని అడగాలి.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ అవసరపడలేదు. మందుల దుకాణానికీ, పై అంతస్తుకు పోయే మెట్లకీ మధ్య ఇరుక్కున్న గదిలో ఆమె కొట్టు. ఒక కుట్టు మిషను, గోడ నిండా మేకులకు వేలాడే జిప్పులు, నోళ్ళు తెరుచుకుని వరసలో కూర్చున్న సూట్‌కేసులు. చిరిగిన బడి సంచీ దగ్గర్నుంచి చక్రం ఊడిన పెట్టె దాకా ఏది తెచ్చినా ముందు తెచ్చినవాళ్ళకి చీవాట్లు పడేవి. "ఇందులో మీరు పుస్తకాలు మోశారా, ఇటుకలు మోశారా?" అని అడిగి, ఆ తరవాత బాగుచేసేది. సర్దుకుపోవడం గొప్ప గుణమని చెప్పేవాళ్ళంటే ఆమెకు పడదు. సర్దుకుపోయిన కుట్టు మొదటి వానకే విడిపోతుందని ఆమె అనుభవం.

ఆమె భర్త ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగి. వీధి ఆయనకు కూడా అంత శ్రమ పడకుండానే పేరు పెట్టింది: మీటరు. ఏటా సెలవు పెట్టుకుని ఇద్దరూ మోటారు సైకిలు మీద దూరం పోయేవారు. పిల్లలు లేరు కాబట్టి తిరుగుతున్నారని చుట్టాలు జాలిపడేవారు. ఆ జాలిని వాళ్ళు ఏనాడూ సామానులో కట్టుకోలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మామూలు బట్టల సంచికి తాడు బిగించి బయల్దేరారు. సగం దారిలో సంచి ఓ పక్కకు జారి సైలెన్సర్‌కి ఆనుకుంది. దిగి విప్పి చూస్తే ఆయన రెండు ప్యాంట్లూ ఒకే చోట, అరచెయ్యంత మేర మాడిపోయి ఉన్నాయి. మిగిలిన సెలవంతా ఆయన చొక్కా బయటికి వదులుకుని తిరిగాడు. వచ్చాక జిప్పులక్క కూర్చుని బండికి అటూ ఇటూ వేలాడే సంచుల జత ఒకటి కుట్టింది. లారీల మీద కప్పే మందపాటి గుడ్డ, సీటు కింద నుంచి అటూ ఇటూ పోయే వెడల్పు పట్టీలు, సైలెన్సర్ వైపు లోపలి గోడకు వేడి తగలకుండా రేకు, పట్టీ పట్టీకి ఒక ప్లాస్టిక్ క్లిప్పు. రెండు పక్కలా వేళ్ళతో గట్టిగా నొక్కితే తప్ప ఆ క్లిప్పు ఊడదు. ఆ క్లిప్పుల్ని ఎంచడానికి ఆమె కనిపించిన దుకాణమల్లా తిరిగింది. పెట్టెలు బిగించుకోమని ఎవరో సలహా ఇస్తే, "పడితే ఆ ఇనప్పెట్టె కాలి మీద పడుతుంది. నా సంచి అయితే తనే నలిగిపోతుంది," అంది. మధ్యలో వెనక సీటు ఖాళీ. అది ఆమెది.

ఈ ఏడు సెలవు దగ్గరపడుతుండగా ఇంటికి ఓ పెద్ద పార్సిల్ వచ్చింది. విప్పినవాడు మరిది, ఆయన తమ్ముడు. పక్క వాటాలోనే ఉంటాడు, ఏ ఇంట్లో ఏ మూత తెరుచుకున్నా ముందు అతని తల అక్కడుంటుంది.

"వదినా, నీకు పోటీ కంపెనీ వచ్చిందే," అన్నాడు లోపలికి కేకేసి.

నల్లగా నిగనిగలాడే సంచుల జత ఒకటి, దానికి తోడు గుండ్రటి పెద్ద సంచి మరొకటి. జిప్పులక్క కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇదెక్కడ పెడతారు?" అంది గుండ్రటి దాన్ని కాలితో తోస్తూ.

భర్త కాగితాలు మడతపెట్టడంలో మునిగినట్టు నటించాడు. మరిదే చెప్పాడు. "వెనక సీటు మీద. ఇదిగో, బొమ్మ కూడా ఉంది."

"మరి నేనెక్కడ కూర్చోవాలి? హ్యాండిల్ మీదా?"

"ఈసారి నేనొక్కణ్ణే వెళ్దామనుకుంటున్నాను," అన్నాడు భర్త. "నీకు నడుం నొప్పి కదా."

"నా నడుం సంగతి మీకు పార్సిల్లో వచ్చిందా?"

మరిది నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానేశాడు.

ఇక్కడ మామూలుగా ఏం జరగాలో అందరికీ తెలుసు. భార్య అలగాలి, భర్త బతిమాలాలి. జిప్పులక్క అలగలేదు. నొప్పి మాత్రం రెండు చోట్ల తగిలింది. ఆమె సీటు పోయింది, ఆమె కుట్టు కూడా పోయింది. ఇన్నేళ్ళూ వెనక కూర్చుని, మలుపు మలుపుకీ ఆయనతో పాటు ఒరిగిన మనిషికి బదులు ఒక మూట సరిపోయిందన్నమాట. బండ్ల వాళ్ళ గుంపులో చేరి ఉంటాడనీ, వాళ్ళ ముందు ఇంట్లో కుట్టిన సంచీ, నడివయసు పెళ్ళామూ నామోషీ అనిపించి ఉంటాయనీ ఆమె అనుకుంది. తరవాత ఇంకా నీచమైనవి కూడా అనుకుంది. వాటిని ఇక్కడ రాయడం అనవసరం.

అయినా చేతులు ఊరుకోవు. "కుట్లకి మైనం రాస్తాను, లేకపోతే వానకి కారుతుంది," అని ఆ సంచుల్ని కొట్టుకి పట్టుకుపోయింది. నిజానికి తప్పులు వెతకడానికే పట్టుకుపోయింది. కుట్టు దగ్గరగానే ఉంది. గుడ్డ నాసి కాదు. ఆమెకు కోపం ఇంకా పెరిగింది. ఇక పట్టీల దగ్గరకొచ్చి, వాటిని మిషను కాలికి తగిలించి లాగుతూ ఉండగా ఒక సంగతి కనబడింది. ఈ సామాను మొత్తంలో నొక్కే క్లిప్పు ఒక్కటి లేదు. అన్నీ కొక్కేలు. తగిలించి, కొస పట్టుకుని లాగితే బిగుసుకుంటుంది. మూతలు అదిమితే అంటుకునేవి. కుడిచేత్తో అన్నీ అయిపోతాయి. ఎడమచేతికి పని లేదు.

ఆమె అలాగే పట్టీ పట్టుకుని కూర్చుండిపోయింది. ఈమధ్య ఆయన బొత్తాల చొక్కాలు మానేసి తలమీంచి తొడుక్కునేవి వేసుకుంటున్నాడు. వయసు మీద పడ్డాక సోకు అని తనే ఎగతాళి చేసింది. నూనె సీసా మూత తియ్యమని ఇస్తే "నువ్వు బిగించింది నువ్వే తియ్యి" అన్నాడు. పళ్ళెం ఎడమచేత్తో అందుకోడు, బల్ల మీద పెట్టమంటాడు. ఒక్కొక్కటీ విడిగా ఏమీ కాదు. చిన్న చిరుగులు అలాగే ఉంటాయి, లోపల చెయ్యి పెట్టి వెలుతురుకి పట్టుకున్నప్పుడు తెలుస్తుంది గుడ్డంతా జల్లెడ అయిందని.

ఆదివారం పొద్దున ఇంటి ముందు జాగాలో బండి నిలబెట్టారు. మర్నాడు ప్రయాణం. మరిది ఓ పక్క సంచి ఎత్తి పట్టుకున్నాడు, భర్త కొక్కేలు తగిలిస్తున్నాడు. జిప్పులక్క బరువైనవన్నీ కిందికీ ముందుకీ సర్దించింది, రెండు పక్కలూ చేత్తో తూచింది, సంచి వెనక దీపాలకు అడ్డం రాకుండా పైకి లాగించింది. పని పనే. అంతా అయ్యాక లోపలికి వెళ్ళి తన పాత సంచి పట్టీ ఒకటి తెచ్చింది.

"ఏమండీ, ఈ క్లిప్పు ఊడదీయండి."

"పాతది ఇప్పుడెందుకు?"

"ఊడదీయమన్నాను."

ఆయన కుడిచెయ్యి చాపాడు.

"ఆ చేత్తో కాదు."

మరిది పట్టుకున్న పట్టీ వదిలేశాడు. భర్త ఎడమచేతిలోకి క్లిప్పు తీసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ దాని మీద ఆనాయి. ఆనాయంతే. నొక్కడానికి మోచెయ్యి దాకా కండలు బిగుసుకున్నాయి, నుదుటి మీద చెమట పట్టింది, క్లిప్పు మాత్రం చెక్కుచెదరలేదు. అది ఆయన వేళ్ళలోంచి జారి కింద పడింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"చలికాలం నుంచి. తిమ్మిరిగా మొదలైంది."

"డాక్టరు?"

"వెళ్ళలేదు. వెళ్తే బండి నడపొద్దంటాడు."

"తెలివైన డాక్టరే అయితే," అంది జిప్పులక్క.

"అన్నయ్యా, మెడ నరం నొక్కుకుని ఉంటుంది, మా ఆఫీసులో ఒకాయనకి ఇలాగే..."

"నువ్వు కాసేపు ఊరుకో," అన్నారు ఇద్దరూ.

ఆయన బండికి ఆనుకున్నాడు. నెల కిందట సిగ్నల్ దగ్గర ఎడమచేత్తో క్లచ్ పట్టుకుని నిలబడితే వేళ్ళు వదిలేశాయని, బండి ఎగిరి ముందుకు దూకిందని చెప్పాడు. ముందు సైకిలు మీద ఒక ఆడపిల్ల ఉంది. ఎలాగో బ్రేకు పడింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసి తిట్టుకుంటూ పోయింది.

"అందుకే నిన్ను ఎక్కించుకోను. పడితే నేనొక్కణ్ణే పడతాను."

ఇలాంటి మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళుంటారు. దాన్నే ప్రేమ అంటారు, త్యాగమంటారు. ఆమె అలాంటి బాపతు కాదు.

"రోడ్డంతా మీ పేరున రాసిచ్చారా, మీరొక్కరే పడడానికి?" అంది. "ఆ సైకిలు పిల్ల ఇంట్లో ఉండిపోతుందా?"

ఆయన బండి వెనక్కి వెళ్ళాడు. వెనక సీటు మీది గుండ్రటి సంచి కొక్కేలు ఒక్కొక్కటే తియ్యడం మొదలుపెట్టాడు. సంచి తీసి నేల మీద పెట్టాడు.

"అయితే కూర్చో. నువ్వుంటే జాగ్రత్తగా నడుపుతాను. మెల్లగా పోదాం."

ఆమెకి అదే కావలసి ఉండాలి. సీటు తిరిగొచ్చింది. ఆమె దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"నేనుంటే మీకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యమే వద్దంటున్నాను."

"ఈ ఒక్కసారికి. వచ్చాక డాక్టరు ఏం చెబితే అది."

"వచ్చాక."

"నీకేం తెలుసు?" అన్నాడు ఆయన, మొదటిసారి గొంతు పెంచి. "ఏడాదంతా జనం గుమ్మాల దగ్గర వంగి గుంటల్లోకి చూస్తాను. మూత తీస్తే బురద, బొద్దింకలు, అంకెలు. తలెత్తి దూరం చూసేది ఆ కాసిని రోజులే. అదీ లేకపోతే నేనేం చెయ్యాలో చెప్పు."

ఆమె కింద పడ్డ క్లిప్పు తీసుకుని లోపలికి వెళ్ళింది. బండికి అటూ ఇటూ సంచులు అలాగే వేలాడుతున్నాయి.

మరిది వెనకే వంటింట్లోకి వచ్చాడు. "వదినా, బండి తాళం దాచెయ్. ఆయన మొండి, తెల్లారగానే లేచి పోతాడు."

"దాస్తే రేపు ఆగుతాడు. ఎల్లుండి మళ్ళీ నేను దాచాలి. కాపలా ఉద్యోగం నాకొద్దు."

"ఏదన్నా జరిగితే?"

"జరిగితే నీకూ నాకూ ఒకేలా జరగదు," అందామె.

సోమవారం ఆమె లేచేసరికి ఆయన లేచే ఉన్నాడు, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. టీ పెట్టి బల్ల మీద ఉంచింది. ఆయన కుడిచేత్తో తీసుకున్నాడు. తాళం ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఉండే చోటే ఉంది. వెళ్ళొద్దని గానీ, వెళ్ళిరండని గానీ ఆమె అనలేదు. కొట్టుకి నడిచిపోయింది.

ఓర్పుగా ఎదురుచూడడం ఆడవాళ్ళకి అబ్బిన కళ అంటారు. ఆ పొద్దున ఆమె పని చూసినవాళ్ళు ఆ మాట అనరు. ఒక సూట్‌కేసుకి జిప్పు తలకిందులుగా కుట్టింది. విప్పి, మళ్ళీ కుట్టింది. వీధిలో ఏ బండి చప్పుడైనా కాలు పెడలు మీద ఆగిపోయేది. వాళ్ళ బండి చప్పుడు ఆమెకి తెలుసు, అయినా ప్రతి బండికీ ఆగింది. సామాను కట్టిన బండి చప్పుడు బరువుకి మారుతుందని తనకు తనే చెప్పుకుంది. పెట్టె తెచ్చిన ఆవిడ "ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే, "మీ జిప్పుకే బాగాలేదు," అని కసిరింది.

మధ్యాహ్నానికి ముందు గుమ్మంలో నీడ పడింది. భర్త. చెప్పులకి దుమ్ము, మొహం వాడిపోయి ఉంది. చేతిలో హెల్మెట్ లేదు.

"నడిచొచ్చారా?"

"సందు చివరిదాకా తీసుకెళ్ళాను," అన్నాడు. "మలుపు దగ్గర బళ్ళోకి పోయే పిల్లలు రోడ్డు దాటుతున్నారు. ఆపాను. అంతే, ఇంజిను కట్టేసి తోసుకుంటూ వెనక్కొచ్చాను. ఆ సంచుల బరువుతో ప్రాణం పోయింది."

ఆమె మంచి పని చేశారని అనలేదు. తోస్తున్నప్పుడు ఎవరైనా సాయం పట్టారా అని కూడా అడగలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి, వేలాడుతున్న జిప్పుల వంక కాసేపు చూశాడు.

"నరాల డాక్టరు ఒకాయన సాయంత్రం ఉంటాడట. ఒక్కణ్ణే వెళ్దామనే అనుకున్నాను. కొట్టు మూస్తావా?"

"ఈ జిప్పు సగంలో ఉంది. కూర్చోండి," అంది ఆమె, బల్ల మీది సూట్‌కేసు కిందికి దించి చోటు చేస్తూ.