ఉన్న ఒక్క స్ఫటికం

మొన్న పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తుంటే మా బావ పేపరు ఊపుకుంటూ వచ్చి, "బావా, మన ఇసకలో రేర్ ఎర్తులున్నాయంట, నువ్వు సదివిందదే కదేటి?" అని నిలదీశాడు. అవును, అదే. మోనజైట్ ఇసుకలో ఉండే ఆ రేర్ ఎర్త్, అంటే అరుదైన లోహాల ఫాస్ఫేట్లతోనే, యూనివర్సిటీ ల్యాబులో నా పడుచుతనమంతా గడిచింది.

ఆ ఫాస్ఫేటును సీసం కలిపి కొలిమిలో కరిగించి, వారాల తరబడి మెల్లగా చల్లార్చి, ఎక్కడ కరెంటు పోతుందోనని అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని కూర్చుంటే, చివరికి బియ్యపుగింజంత స్ఫటికం ఒక్కటి తేటగా వచ్చింది. అది మేమంతా అక్కా అని పిలిచే మా సీనియరుది. పాతపట్నం క్రైస్తవుల అమ్మాయి. ఫెలోషిప్పు గడువు ఆ నెలాఖరుతో సరి, ఈలోగా థీసిస్ ఇవ్వాలి.

స్ఫటికాన్ని అయస్కాంతపు ధ్రువాల మధ్య తిప్పితే అందులో కలిపిన గడోలినియం అనే లోహం తరంగాలకు అనునాదమిచ్చి, అంటే స్పందించి, కాగితం మీద గీతలు పడతాయి, వాటిని బట్టి లోపలి అణువుల అమరిక చెప్పొచ్చు. మాకు ప్రతి గీతా జంటగా పడింది. రెండు స్ఫటికాలు అతుక్కుని కవలగా పెరిగాయి, ఇక ఇది పనికిరాదు అన్నారు మా గైడు మాస్టారు. కాదు, అమరికలోనే రెండు దిక్కులున్నాయని అక్క వాదన. తేలాలంటే దాన్ని పగలగొట్టి ఒక్క ముక్కనే పెట్టి చూడాలి. అక్క మాట నిజమైతే ముక్కకూ జంట గీతలే పడతాయి, కవలైతే ఒంటి గీతే పడుతుంది. అప్పుడు స్ఫటికమూ పోతుంది, అక్క ఇన్నేళ్ల చదువూ పోతుంది.

ముక్క ఎగిరిపోకుండా ఫ్యాను ఆపేశాం. సముద్రపు ఉక్కకు ముగ్గురమూ తడిసి ముద్దయ్యాం. "కొట్టేత్తన్నాను సార్" అంది అక్క, బ్లేడు ఆనించి. నేను టార్చిలైటు దగ్గరికి పెట్టాను, ఆవిడ ఒక్క దెబ్బకు దాన్ని రెండు చేసింది.

ముక్కను అయస్కాంతంలో పెట్టాక రికార్డరు పెన్ను ఒక గీత గీసి తిన్నగా పోసాగింది. పోతూనే ఉంది. మాస్టారు కళ్లద్దాలు తీసేశారు. నాకైతే అక్క ముఖం చూసే ధైర్యం లేకపోయింది. అప్పుడు పెన్ను మళ్లీ లేచి రెండో గీత గీసింది.

"నువ్వు సెప్పిందే నిజమమ్మా" అన్నారు మాస్టారు. అక్క బల్ల మీద తల పెట్టుకుని భోరున ఏడ్చింది.

ఇప్పుడు ఇసుక రేణువంత ముక్క ఉన్నా, టీ తాగి వచ్చేలోపు యంత్రం దాని అమరికంతా బొమ్మ గీసి ఇస్తుందట. మంచిదే, ఎవరికీ ఆ గుండెదడ అక్కర్లేదు. అక్క పోయి చాలా కాలమైంది. తన మాట నిజమని నమ్మి ఉన్న ఒక్కదాన్నీ పగలగొట్టుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. నాకే విషయంలోనూ అంత నమ్మకం కలగనూ లేదు.