కార్బురేటర్ది తప్పు కాదు

కుప్పం నుంచి చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, నాయన తెల్లారి నిద్దర్లోనే పోయినాడు" అని చెప్పినప్పుడు నేను మదనపల్లెలో, మా స్కూలు గ్రౌండులో గడ్డి కోసే మిషన్ తోస్తున్నాను. మిషన్ ఆపి గడ్డిలోనే కూర్చుండిపోయాను.

చెల్లెలి నాయన అంటే మా చిన్నాయన. పుంగనూరులో మందు కొట్టే మిషన్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసే కొట్టు నడిపాడు. చివరి ఏడాది మాత్రం కూతురింట్లో ఉన్నాడు.

ఎవరు ఇంజన్ తెచ్చినా ముందు స్పానర్ పట్టేవాడు కాదు. ట్యాంకు మూత తీసి వాసన చూసేవాడు. "ఎన్నాళ్ల పెట్రోలప్పా ఇది? వార్నిష్ మాదిరి ఉండాది" అని తిట్టేవాడు. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి జెట్‌లో ఇనుప తీగ పెడితే ఆయనకు ఒళ్లు మండేది. "బొక్క పెద్దదైతే ఇంక అది పెట్రోలు తాగతానే ఉంటాది" అని, పక్కింటి పొట్టి ఆవు తోక వెంట్రుకలు రెండు మెలేసి వాటితో శుభ్రం చేసేవాడు. ఆయన్ని చూస్తే ఆ ఆవు తోక దాచుకుంటుందని మేం ఏడిపించేవాళ్లం.

రామసముద్రంలో ఒక పెళ్లిలో పెరుగన్నం కలుపుతూ కలుపుతూ, బయట జనరేటర్ గుర్రుగుర్రుమంటుంటే చెవి అటు పడేశాడు. ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని పోయి, ఎడమ చేత్తో చోక్ సరిచేసి వచ్చి మళ్లీ ఆకు ముందు కూర్చున్నాడు. పిన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం ఇంకో గరిటె పెరుగు వేయించుకున్నాడు.

"అత్తగారింట్లో కోడలి మాదిరి రా కార్బురేటర్. ఏం జరిగినా అందరూ దాని మీదనే పడతారు" అనేవాడు. ఈ మాట నాకు తలకెక్కడానికి ఒక ఆయుధపూజ కావలసి వచ్చింది.

అప్పటికి నేను స్కూల్లో టెంపరరీ. పండగైన వారానికి ఆటల పోటీలు. మిషన్ స్టార్టవుతుంది, అయిదు నిమిషాలకు ఆగిపోతుంది. కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగాను. మళ్లీ అంతే. మర్నాటి సాయంత్రానికి గ్రౌండు తయారు కాకపోతే పని బయటివాళ్లకు ఇస్తానని పెద్ద మేడం తేల్చి చెప్పేసింది. నా ఉద్యోగం పోయినట్టేనని భయపడి చిన్నాయనకు ఫోన్ చేశాను.

మొదటి బస్సుకే వచ్చాడు. "ఆగిపోయినంక ట్యాంకు మూత తీస్తే ఏమన్నా సప్పుడొస్తాందా?" అన్నాడు. "బుస్సుమంటాది" అన్నాను. మూత కొంచెం వదులు చేసి తాడు లాగాడు. ఇంజన్ ఆగకుండా నడిచింది.

మూత తిప్పి చూపించాడు. గాలి పోయే సన్నటి బొక్క మీద, పూజ రోజు నేను పెట్టిన గంధం బొట్టు గట్టిగా ఎండిపోయి ఉంది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు.

"పూజ బాగానే సేసినావు. దాని ముక్కు యాల మూసినావురా?" అని పడీపడీ నవ్వాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అంతలో పెద్ద మేడం వచ్చి, ఏం చెడిపోయిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే చిన్నాయన, "చిన్న అడ్డమమ్మా. మావోడే కనుక్కున్నాడు. నేను తోడు నిలబడినానంతే" అన్నాడు. నేను ఊరుకున్నాను. మరుసటి సంవత్సరం ఉద్యోగం పర్మనెంటయింది. ఆ అబద్ధం మాత్రం గొంతులో ముల్లులాగే ఉండిపోయింది.

కుప్పంలో దినం ముగించుకుని వచ్చి, నేరుగా మేడం గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె కళ్లజోడు తీసి నవ్వింది.

"గంధం సంగతేగదప్పా? పోతా పోతా మీ చిన్నాయనే చెప్పినాడు. 'తప్పు మావోడిదేనమ్మా. మిషన్‌కు బొట్టు పెట్టి మొక్కినోడు పనెట్ల చేస్తాడో మీరే చూసుకోండి. నేను చెప్పినట్టు మాత్రం వానికి తెలియనీయొద్దు' అన్నాడు."

ఆ రోజు వాళ్లిద్దరూ గేటు దగ్గర నిలబడటం నేను చూశాను. పుంగనూరు బస్సు వేళ అడుగుతున్నాడేమో అనుకున్నాను. మిషన్ తోస్తూనే చెయ్యి ఊపాను. ఇద్దరూ నవ్వుతూ నాకు చెయ్యి ఊపారు.